సుబ్బారావు గారి స్వభావానికి ఏ ఉద్యోగం సరిపోయింది?

అమెరికాలో హైస్కూలు పిల్లలున్న తెలుగు ఇళ్ళలో ఈమధ్య ఒక కాగితం తరచుగా కనిపిస్తోంది. స్కూల్లో కౌన్సెలర్ చేయించిన పర్సనాలిటీ టెస్ట్ ఫలితం అది. పైన నాలుగు అక్షరాల గుర్తు, దాని కింద మీ అమ్మాయి లేదా అబ్బాయి స్వభావం గురించి నాలుగు ముక్కలు, ఆ కింద అలాంటివాళ్ళకు సరిపోయే ఉద్యోగాల జాబితా. మా అమ్మాయికి కూడా కిందటేడాది ఒకటి వచ్చింది. ఉగాదికో దీపావళికో నలుగురం కలిసినప్పుడు తల్లిదండ్రుల మధ్య ఇదొక పెద్ద చర్చ. మావాడు ఇంట్రోవర్టని వచ్చింది, మెడిసిన్‌కు పనికొస్తాడా అని ఒకరు అడుగుతారు. మా అమ్మాయి లెక్కల్లో దిట్ట, కానీ జాబితాలో సోషల్ వర్క్ అని ఉంది, ఏం చేయాలని ఇంకొకరి దిగులు.

ఈ పరీక్షల్లో బాగా పేరున్నదాన్ని తయారుచేసింది ఇసబెల్ బ్రిగ్స్ మయర్స్, ఆమె తల్లి కేథరీన్ బ్రిగ్స్. ఇద్దరూ మనస్తత్వశాస్త్రంలో శిక్షణ పొందినవాళ్ళు కారు. కార్ల్ యుంగ్ 1921లో ప్రచురించిన పుస్తకం చదివి, అందులోని ఆలోచనలను ప్రశ్నాపత్రంగా మలిచారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో మొదటిసారి ఉద్యోగాలకు వస్తున్న ఆడవాళ్ళకు తమకు నప్పే పని దొరకాలన్నది ఇసబెల్ ఉద్దేశం. ఉద్దేశం మంచిదే. అయితే ఆ పరీక్షను నేడు అమ్ముతున్న సంస్థే ఉద్యోగాలకు మనుషుల్ని ఎంపిక చేయడానికి దాన్ని వాడవద్దని చెబుతుంది. మనం మాత్రం దాన్ని జాతకంలా చూస్తున్నాం.

ఇసబెల్ ఆ ప్రశ్నలు రాసుకుంటున్న రోజుల్లోనే, న్యూయార్క్ రాష్ట్రంలో పెర్ల్ రివర్ అనే చిన్న ఊళ్ళో ఒక తెలుగువాడు పనిచేస్తున్నాడు. నేను ఇరవై ఏళ్ళుగా ఉంటున్న న్యూజెర్సీ సరిహద్దు దాటగానే వచ్చే ఊరది. ఆయన యల్లాప్రగడ సుబ్బారావు. మన పిల్లలకు ఆయన్ని గొప్ప శాస్త్రవేత్తగా పరిచయం చేస్తాం, మందుల పేర్లు చెబుతాం, అక్కడితో ఆపేస్తాం. నాకు ఆయన జీవితంలో ఇంకో సంగతి ఆసక్తిగా అనిపిస్తుంది. ఏ వయసులో చూసినా ఆయన స్వభావానికి, ఆయన చేస్తున్న పనికి పొంతన కుదిరినట్టు కనిపించదు. అలాంటి మనిషి చేసినంత పని చాలా తక్కువమంది చేశారు.

పారిపోయిన కుర్రాడు

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం గారు రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. తల్లి వెంకమ్మ గారు. ఏడుగురు పిల్లల ఇల్లు, చాలీచాలని ఆదాయం. పదమూడేళ్ళ వయసులో సుబ్బారావు ఇల్లు వదిలి కాశీ బయల్దేరారట. అక్కడ యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి డబ్బు సంపాదించాలని ఆయన ఆలోచన. తల్లి వెనక్కి రప్పించి మళ్ళీ బళ్ళో కూర్చోబెట్టారు.

చదువు సాఫీగా సాగలేదు. రాజమండ్రిలో చదువుతున్న కాలంలో ఇంట్లో చావులు, జబ్బులు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు పోయింది. మద్రాసులో హిందూ హైస్కూలు నుంచి మూడోసారి రాసి గట్టెక్కారు. ఈ రోజుల్లో ఏ కౌన్సెలర్ ముందైనా ఆ రికార్డు పెడితే, ఈ కుర్రాడు పుస్తకాల మనిషి కాదు, వ్యాపారంలో పెట్టండి అనేవాళ్ళేమో. అరటిపళ్ళ కథ కూడా ఆ మాటకు సాక్ష్యంగా పనికొచ్చేది.

తర్వాత ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్ చేశారు. లెక్కల్లో మంచి ఆసక్తి. అంతకన్నా ఎక్కువ ఆసక్తి రామకృష్ణ మఠం మీద. సన్యాసం తీసుకుని మఠంలో చేరిపోతానన్నారు. తల్లి ఒప్పుకోలేదు. తల్లి అనుమతి లేకుండా మఠం వాళ్ళూ తీసుకోలేదు. వైద్యం చదివితే అదే చేత్తో రోగులకు సేవ చేయవచ్చని దారి చూపించారు. అలా ఆయన మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. అంటే ఆ చదువు ఆయన కోరుకున్నది కాదు. కోరుకున్నది దొరక్క రాజీపడి ఎంచుకున్నది. డాక్టర్ కావాలని చిన్నప్పటి నుంచీ కలగన్న పిల్లల కథలు మనం చాలా వింటాం. ఈయన కథ అలా మొదలుకాలేదు.

ఖద్దరు తెచ్చిన కష్టం

మెడికల్ కాలేజీలో ఉండగా గాంధీ గారి పిలుపుకు స్పందించి సుబ్బారావు ఖద్దరు కట్టడం మొదలుపెట్టారు. ఆపరేషన్ సమయంలో వేసుకునే గౌను కూడా ఖద్దరుదే. శస్త్రచికిత్స ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కు అది నచ్చలేదు. సుబ్బారావు రాత పరీక్షలు బాగానే రాసినా చివరికి చేతికొచ్చింది ఎంబీబీఎస్ కాదు, అంతకు ఒక మెట్టు తక్కువైన ఎల్ఎంఎస్ సర్టిఫికెట్. మద్రాసు ప్రభుత్వ వైద్య సర్వీసులో చేరడానికి చేసిన ప్రయత్నం ఫలించలేదు. ఆయుర్వేద కళాశాలలో అనాటమీ చెప్పే ఉద్యోగంతో కాలం గడిచింది.

ఈ ఘట్టాన్ని మనం దేశభక్తి కథగా చెప్పుకుంటాం. అది నిజమే. స్వభావం వైపు నుంచి చూస్తే ఇంకోటి కూడా కనిపిస్తుంది. నోరు పెంచి వాదించే మనిషి కాదాయన. అలాగని నమ్మినదాన్ని ఎవరి మెప్పు కోసమో వదిలే మనిషీ కాదు. ఇలాంటి మెత్తని మొండితనం ఉన్నవాడికి పై అధికారి ఇష్టాయిష్టాల మీద నడిచే కొలువు ఎక్కడైనా కష్టమే. ఆ మొండితనం ఆయన చేత ఎంబీబీఎస్ పోగొట్టింది. తర్వాత అదే ఆయన్ని నిలబెట్టింది కూడా.

ఆ సంవత్సరాల్లోనే ఇంట్లో పెద్ద దెబ్బ తగిలింది. స్ప్రూ అనే జబ్బుతో కొద్ది రోజుల తేడాలో ఇద్దరు అన్నదమ్ములు పోయారు. తిన్నది ఒంటబట్టదు, విరేచనాలు, రక్తం తగ్గిపోయి మనిషి ఎండిపోతాడు. మన వైద్యంలో గ్రహణి అని చెప్పే కోవలోని జబ్బు. సుబ్బారావుకు కూడా అదే పట్టుకుంది. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో ఆయన బతికి బయటపడ్డారు. తనను బతికించిన మందులో ఏముందో, తన తోబుట్టువుల ఒంట్లో ఏం లోపించిందో తేల్చుకోవాలన్న ప్రశ్న అప్పుడు ఆయన్ని పట్టుకుంది. ఇక జీవితాంతం వదల్లేదు.

హార్వర్డ్‌లో పద్దెనిమిదేళ్ళు

కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన సాయంతో, మామగారు సర్దిన డబ్బుతో సుబ్బారావు ఓడెక్కి 1922 అక్టోబరు 26న బోస్టన్‌లో దిగారు. హార్వర్డ్‌లోని ఉష్ణమండల వైద్య పాఠశాలలో సీటుంది కానీ చేతిలో డబ్బు లేదు. ఎల్ఎంఎస్ చదువుకు ఇక్కడ డాక్టరుగా అవకాశం లేదు. పీటర్ బెంట్ బ్రిగ్‌హామ్ ఆస్పత్రిలో రాత్రిపూట పనివాడిగా కుదిరారు. రోగుల మలమూత్రాల పాత్రలు ఎత్తి కడగడం, పక్కలు శుభ్రం చేయడం ఆ ఉద్యోగం. వైద్యం చదివిన మనిషి చేసిన పని అది. మన తరంలో ఎఫ్1 వీసా మీద వచ్చి గ్యాస్ స్టేషన్లలో, హోటళ్ళలో పనిచేసినవాళ్ళకు ఆ రాత్రులు కొంచెం అర్థమవుతాయి.

డిప్లొమా పూర్తయ్యాక జీవరసాయన శాస్త్ర విభాగంలో సైరస్ ఫిస్క్ దగ్గర చేరారు. అక్కడే మొదటిసారి ఆయన స్వభావం, చేతిలోని పని ఒకదానికొకటి అతికాయి. ఒంట్లో ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే సులువైన పద్ధతిని ఇద్దరూ కలిసి 1925లో ప్రచురించారు. శాంపిల్‌లోని ఫాస్ఫేట్‌ను మాలిబ్డేట్‌తో కలిపి నీలం రంగు తెప్పించడం, ఆ రంగు ఎంత చిక్కగా ఉందో చూసి లెక్క కట్టడం ఈ పద్ధతి. నూరేళ్ళు గడిచినా బయోకెమిస్ట్రీ విద్యార్థులు ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అని దాని పేరు వింటూనే ఉన్నారు.

ఆ పద్ధతిని కండరాల మీద ప్రయోగిస్తుంటే ఒక చిక్కు వచ్చింది. రంగు రావలసినంత వేగంగా రావడం లేదు. ఆగి ఆగి ముదురుతోంది. తొందరపడే మనిషయితే ప్రయోగం చెడిందని పారబోసి మళ్ళీ మొదలుపెట్టేవాడు. వీళ్ళు ఆ ఆలస్యం ఎందుకో వెతికారు. ఫాస్ఫేట్‌ను కొద్దికొద్దిగా వదులుతున్న పదార్థం ఏదో కండరంలో ఉందని తేలింది. అదే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో ఆ సంగతి ప్రకటించారు. కండరం కదలికకు లాక్టిక్ ఆమ్లమే మూలమన్న సిద్ధాంతం అప్పటికి బలంగా ఉంది, ఆ రంగంలో పనికి 1922 నోబెల్ బహుమతి కూడా వచ్చింది. ఈ కొత్త సంగతి దాని పునాది కదిలించింది. 1929లో ఏటీపీని కూడా వేరు చేశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమాన్ విడిగా అదే పని చేశారు. ఈ రోజు పదో తరగతి పిల్లవాడు కణానికి శక్తి ఎక్కడి నుంచి వస్తుందంటే ఏటీపీ అని చెబుతాడు.

ఇంత చేసిన మనిషి హార్వర్డ్‌లో ప్రొఫెసర్ కాలేదు. 1930లో పీహెచ్‌డీ వచ్చింది, చిన్న హోదాలు వచ్చాయి, స్థిరమైన పదవి మాత్రం రాలేదు. ఆ కాలంలో భారతీయులకు అమెరికా పౌరసత్వమే లేదు. 1923లో సుప్రీంకోర్టు ఆ తలుపు మూసేసింది. దానికితోడు ఆయన తీరు. తన పేరు ముందుకు తోసుకోరు. పేటెంట్ల జోలికి పోరు. పత్రికల వాళ్ళు వస్తే తప్పుకుంటారు. ఫిస్క్ అసూయ వల్ల సుబ్బారావు కనుగొన్న కొన్ని సంగతులు వెలుగు చూడలేదని, వాటిని తర్వాతివాళ్ళు మళ్ళీ కొత్తగా కనుక్కోవాల్సి వచ్చిందని అదే విభాగంలో చదివి తర్వాత నోబెల్ అందుకున్న జార్జ్ హిచింగ్స్ ఏళ్ళ తర్వాత చెప్పారు.

ఇక్కడ నా వృత్తి గుర్తొస్తుంది. కొన్నేళ్ళ కిందట నేను పనిచేసిన ఒక కంపెనీలో ఏడాది చివరి రివ్యూలో నా పని బాగుంది కానీ నేను కనిపించడం లేదని రాశారు. మీటింగుల్లో ఎక్కువ మాట్లాడననీ, చేసిన పనిని చెప్పుకోననీ దాని అర్థం. ఇంకో కంపెనీలో, దాదాపు అవే పనులు అదే తీరులో చేస్తే, గందరగోళం లేకుండా పని పూర్తిచేసే మనిషని రాశారు. నా స్వభావంలో రవ్వంత కూడా మార్పు లేదు. కొలిచే చోటు మారింది. సాఫ్ట్‌వేర్‌లో ఉన్న మనవాళ్ళలో ఇలాంటి అనుభవం లేనివాళ్ళు తక్కువే అనుకుంటాను. అందుకే సుబ్బారావు గారి హార్వర్డ్ కథ చదివినప్పుడు, ఆయన వ్యక్తిత్వం పరిశోధనకు సరిపోలేదా అని నాకు అనిపించదు. పరిశోధనకు అతికినట్టు సరిపోయింది. ఆ నిచ్చెన ఎక్కడానికి సరిపోలేదు. ఈ రెండూ వేరు వేరు సంగతులు. నాలుగు అక్షరాల కాగితం ఈ రెండింటినీ ఒకే గాటన కట్టేస్తుంది.

పెర్ల్ రివర్‌లో ఎనిమిదేళ్ళు

1940లో సుబ్బారావు పెర్ల్ రివర్‌లోని లెడర్లీ లాబొరేటరీస్‌కు మారారు. త్వరలోనే అక్కడ పరిశోధన మొత్తానికి డైరెక్టర్ అయ్యారు. ఇప్పుడు ఇంకో ప్రశ్న పుడుతుంది. బిడియస్తుడు, సన్యాసి కావాలనుకున్నవాడు, తన గొప్ప తాను చెప్పుకోనివాడు, మందుల కంపెనీలో వందల మందిని నడిపించే మేనేజర్ ఉద్యోగానికి పనికొస్తాడా? కాగితం ప్రకారమైతే ఆ ఉద్యోగం జాబితాలో ఉండదు.

జరిగింది వేరు. తన పేరు మీద ఆశ లేని మనిషి నాయకుడైతే కిందివాళ్ళకు జాగా దొరుకుతుంది. కాలేయంలో ఉండే ఒక పోషకాన్ని ప్రయోగశాలలో తయారుచేసినట్టు 1945లో లెడర్లీ బృందం ప్రకటించిన వ్యాసంలో పదహారు మంది పేర్లున్నాయి. డైరెక్టర్ గారి పేరు మొదట లేదు, చివర్లో ప్రత్యేకంగా కూడా లేదు. తోటివాళ్ళ పేర్ల మధ్య అక్షర క్రమంలో ఎక్కడ రావాలో అక్కడ ఏడోదిగా ఉంది. ఆ పోషకమే ఫోలిక్ ఆమ్లం.

ఆ ఫోలిక్ ఆమ్లం స్ప్రూ రోగులకు పనిచేసింది. ఆయన అన్నదమ్ముల్ని తీసుకుపోయిన జబ్బు అది. బోస్టన్‌లో దిగిన నాటికి, ఈ రోజుకు మధ్య ఇరవై మూడేళ్ళు. బొంబాయిలో గర్భిణుల రక్తహీనత మీద పనిచేసి, ఈస్ట్‌లో ఏదో తెలియని పోషకం ఉందని 1931లో చెప్పిన లూసీ విల్స్ కృషి కూడా ఈ దారిలోనే ఉంది. అమెరికాలో 1998 నుంచి బ్రెడ్డు, పాస్తా వంటి వాటికి వాడే పిండిలో ఫోలిక్ ఆమ్లం కలపడం తప్పనిసరి. పుట్టబోయే బిడ్డల వెన్నుపాము లోపాలు తగ్గడానికి ఆ ఏర్పాటు. మన ఆడపడుచులకు గర్భం నిలవగానే డాక్టర్ రాసిచ్చే మొదటి మాత్రల్లో అదే ఉంటుంది.

అక్కడితో ఆగలేదు. బోస్టన్‌లో చిన్నపిల్లల వైద్యుడు సిడ్నీ ఫార్బర్, లుకేమియా ఉన్న పిల్లలకు ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకునే మందు ఇస్తే ఎలా ఉంటుందని ఆలోచించారు. సుబ్బారావు బృందం అలాంటి పదార్థాలను తయారుచేసి పంపింది. వాటిలో అమినోప్టెరిన్ అనే మందును ఫార్బర్ పదహారు మంది పిల్లలకు ఇస్తే పదిమందిలో జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. 1948లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. రక్త కేన్సర్‌ను మందుతో వెనక్కి నెట్టవచ్చని తెలిసిన తొలి సందర్భాల్లో అదొకటి. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్‌ను ఇప్పటికీ కేన్సర్‌కు, కీళ్ళవాతానికి వాడుతున్నారు. ఊళ్ళో ఉన్న మన అమ్మానాన్నల్లో కొందరు వారానికోసారి వేసుకునే చిన్న మాత్ర అదే.

బోదకాలు వ్యాధికి వాడే డీఈసీ మందు కూడా 1947లో ఆయన ప్రయోగశాల నుంచే వచ్చింది. గోదావరి జిల్లాల్లో పెరిగినవాళ్ళకు బోదకాలు గురించి చెప్పక్కర్లేదు. వీధుల్లో ఇంటింటికీ వచ్చి పంచిన మాత్రల వెనుక భీమవరం మనిషి ఉన్నాడని మాత్రం చాలామందికి తెలియదు.

ఆయన కింద పనిచేసినవారిలో బెంజమిన్ డగ్గర్ ఒకరు. విశ్వవిద్యాలయం నుంచి రిటైరయ్యాక, డెబ్బై దాటిన వయసులో లెడర్లీలో చేరిన వృక్షశాస్త్రజ్ఞుడు. ఆ వయసు మనిషికి కొత్త పనేంటని ఎవరైనా అనవచ్చు. ఆయన రకరకాల చోట్ల నుంచి తెప్పించిన మట్టి నమూనాలు వెతికి వెతికి ఆరియోమైసిన్‌ను పట్టుకున్నారు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అది మొదటి మందు. దాన్ని కనిపెట్టినవాడిగా పేరు డగ్గర్‌కే వచ్చింది. రావలసింది కూడా ఆయనకే. ఆ వెతుకులాటకు చోటు, సమయం ఇచ్చిన డైరెక్టర్ పక్కన నిలబడ్డారు.

హార్వర్డ్‌లో ఆయన్ని వెనక్కి లాగిన గుణమే ఇక్కడ బృందాన్ని ముందుకు నడిపింది. మఠంలో చేరాలనుకున్న కుర్రాడిలోని నిరాడంబరత, ఖద్దరు గౌను విప్పని మొండితనం, రంగు మారేదాకా ఆగి చూసే ఓపిక, ఈ మూడూ మనిషితో పాటే వచ్చాయి. ఉద్యోగాలు మారాయి, మనిషి మారలేదు. ఆయన్ని కలిపి ఉంచింది ప్రశ్న. అన్నదమ్ములు ఎందుకు పోయారన్న ప్రశ్న.

లెక్కలో రాని మనిషి

ఇంతవరకు రాసి ఆపితే ఇది పిల్లలకు చెప్పే మంచి కథ అవుతుంది. మనలాంటి కుటుంబాలకు మాత్రం అంతటితో సరిపోదు.

సుబ్బారావుకు 1919లో శేషగిరి గారితో పెళ్ళయింది. బోస్టన్ ఓడ ఎక్కేటప్పుడు మూడేళ్ళలో తిరిగొస్తానన్నారు. ఆయన వెళ్ళాక పుట్టిన కొడుకు ఏడాది నిండకముందే చనిపోయాడు. తండ్రి ఆ బిడ్డను చూడనే లేదు. మూడేళ్ళు ఆరయ్యాయి, పదయ్యాయి. ఉత్తరాలు వెళ్ళాయి, వచ్చాయి. ఆయన వెళ్ళలేదు, ఆమె రాలేదు. 1946లో చట్టం మారి భారతీయులకు అమెరికా పౌరసత్వం తలుపు తెరుచుకుంది. సుబ్బారావు పౌరుడు కాకుండానే, ఇండియాకు తిరిగి వెళ్ళకుండానే, 1948 ఆగస్టులో ఒక రాత్రి నిద్రలో గుండె ఆగి పోయారు. యాభై మూడేళ్ళ వయసు. శేషగిరి గారు ఇరవై ఆరేళ్ళు ఎదురుచూశారు.

సన్యాసం వద్దని తల్లి ఆపారు. కొడుకు ప్రయోగశాలలోనే సన్యాసం తీసుకున్నాడు. దాని బరువు మోసింది ఇంకో ఇంటి నుంచి వచ్చిన ఆడపిల్ల. ఆయన కనుగొన్న మందుల విలువను ఇది తగ్గించదు. కానీ ఒక మనిషి స్వభావం ఒక వృత్తికి సరిపోయిందా అని అడిగేటప్పుడు, ఆ వృత్తి ఆ మనిషితో బతికేవాళ్ళకు సరిపోయిందా అని అడిగే గడి ఏ పరీక్షలోనూ ఉండదు. విదేశాల్లో ఉన్న మనకు ఆ గడి బాగా తెలుసు. వీసా తేదీల మధ్య, రెండు మూడు టైమ్ జోన్ల మధ్య, రేపు వస్తాం, వచ్చే వేసవికి వస్తాం అని అమ్మానాన్నలకు చెబుతూ బతుకుతున్న ఇళ్ళు మనవి.

పిల్లలతో ఏం మాట్లాడాలి

ఆ కాగితాన్ని చింపేయమని నేను చెప్పను. పిల్లలు తమ గురించి తాము ఆలోచించుకోవడానికి అది ఒక సాకుగా పనికొస్తుంది. నిన్న ఒక గుర్తు, ఆరు నెలలకు మళ్ళీ రాస్తే ఇంకో గుర్తు రావడం కూడా మామూలే. దాన్ని ముగింపుగా కాకుండా మాటల మొదలుగా తీసుకుంటే చాలు.

సుబ్బారావు గారి జీవితం చదివాక మా ఇంట్లో మూడు సంగతులు మాట్లాడుకోవడం అలవాటైంది. మొదటిది, ఏ విషయం దగ్గర నువ్వు ఎవరూ చెప్పకుండానే ఆగిపోతావు, ఏ చిక్కు దగ్గర విసుగు పుట్టదు అని. ఉద్యోగం పేరు అడిగితే పదిహేడేళ్ళ పిల్లకు ఏం తెలుస్తుంది? చిక్కు పేరు అడిగితే చెప్పగలదు. రెండోది, నీలో నలుగురూ లోపం అంటున్న గుణం ఏ చోట అక్కరకొస్తుంది అని. మాట్లాడని పిల్లను మాట్లాడే పిల్లగా మార్చాలని ఏళ్ళ తరబడి ప్రయత్నించేకన్నా, మౌనానికి విలువ ఉన్న పని ఏదో, ఆ పనిలో కూడా దానికి విలువ ఇచ్చే చోటు ఏదో వెతకడం తేలిక. మూడోది అన్నిటికన్నా కష్టమైనది. నువ్వు పనిలో మునిగిపోయినప్పుడు నీకోసం ఎదురుచూసేవాళ్ళు ఎవరు, వాళ్ళకు నువ్వు ఏం చెబుతావు అని.

మద్రాసులో మూడోసారి మెట్రిక్ రాస్తున్న కుర్రాణ్ని చూసి పదహారు గడుల్లో ఎందులో వేస్తారో నాకు తెలియదు. ఏ గడిలో వేసినా దాని కింద జాబితాలో ఫోలిక్ ఆమ్లం ఉండేది కాదు. లెడర్లీ శాస్త్రవేత్తలు తర్వాత ఒక కొత్త బూజు జాతికి సుబ్బారోమైసిస్ అని ఆయన పేరు పెట్టారు. 1995లో మన ప్రభుత్వం ఆయన బొమ్మతో తపాలా బిళ్ళ వేసింది. పిల్లలకు ఆయన గురించి చెప్పేటప్పుడు ఆ బిళ్ళ మీది బొమ్మతో పాటు శేషగిరి గారి పేరు కూడా చెప్పండి. పనిని ఎంచుకోవడమంటే ఏమిటో వాళ్ళకు సగం కాకుండా పూర్తిగా అర్థమవుతుంది.